ఉపవాస దినాన తీరని ఋణం

వైష్ణవ గృహాలలో ఏకాదశీవ్రతం తరతరాలుగా వస్తున్నది. దశమి నాడు ఏకభుక్తం, ఏకాదశి నాడు ఉపవాసం, ద్వాదశి ఘడియలు మించకముందే పారణ. ఈ క్రమం ఆ ఇండ్లలో పిల్లలకు కూడ తెలిసినదే. ఉపవాసమంటే సమీపంలో వసించుట అని పెద్దలు చెప్పే అర్థమూ అందరూ విన్నదే. అన్నం మానుట ఆ సామీప్యానికి ఒక సాధనం మాత్రమే. ఈ వ్రతం వలన సర్వపాపాలు నశిస్తాయని పురాణాలు ఫలశ్రుతి చెబుతున్నవి. భక్తుడు ఆ మాటను నమ్మి ఉపవసిస్తాడు, నమ్మవలసినదే. కాని ఆ 'సర్వ' అన్న పదం దగ్గర ఒక సందేహం అడ్డు నిలుస్తుంది. దశమి నాడు ఒకడు తన పొరుగువానిని నలుగురిలో అవమానించినాడు. ఏకాదశి నాడు పచ్చిమంచినీరైనా ముట్టక ఉపవసించి, రాత్రి జాగరం చేసినాడు. ద్వాదశి ఉదయాన అతడు శుద్ధుడై లేచినాడా? అవమానం పొందినవాని కన్నీరు ఇంకా ఆరనే లేదు గదా! అతని పక్షాన క్షమించే అధికారం ఎవరిది?

ఈ ప్రశ్నకు మొగమాటం లేకుండా సమాధానం చెప్పిన మతాలలో యూదమతం ఒకటి. యూదుల సంవత్సరంలో మిక్కిలి పవిత్రమైన దినం యోమ్ కిప్పూర్. ప్రాయశ్చిత్త దినమని ఆ హీబ్రూ మాటకు అర్థం. తిష్రీ మాసంలో పదవనాడు అది వస్తుంది. యూదుల మాసాలు కూడ చంద్రుని అనుసరించేవే. ఋతువులతో పొందిక చెడకుండా వారు పందొమ్మిది సంవత్సరాలలో ఏడుమార్లు అధికమాసం కలుపుకుంటారు. అందుచేత యోమ్ కిప్పూర్ మన శుక్లపక్ష దశమికి అటునిటుగా పడుతుంది. 2025లో అక్టోబరు 2వ తేదీన విజయదశమి, యోమ్ కిప్పూర్ ఒక్కనాడే వచ్చినవి. మరునాడు పాపాంకుశ ఏకాదశి.

తెలంగాణలో విజయదశమి సాయంకాలం జమ్మిచెట్టును పూజించి, ఆ ఆకును బంగారమని పెద్దల చేతిలో పెట్టి పాదాలకు మ్రొక్కుతారు. సమవయస్కులు అలయ్ బలయ్ అని ఆలింగనం చేసుకుంటారు. ఏడాదిలో కలిగిన కోపతాపాలు ఆనాటితో తీరవలెనని ఆ ఆచారంలోని ఆంతర్యం. హైదరాబాదుకు పడమట, ఒకప్పుడు రాతిగుట్టలు, సీతాఫలపు పొదలు ఉన్న మాదాపూరు, గచ్చిబౌలి ప్రాంతాలలో కూడ ఈ ఆచారం నిలిచియున్నది. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైన పిదప అక్కడ హైటెక్ సిటీ వెలసి, చుట్టుపట్ల ప్రాంతమంతా సైబరాబాదు అని పేరు పొందినది. అమెరికా, ఇజ్రాయెల్ దేశాల సంస్థలతో కలిసి పనిచేసే అక్కడి ఉద్యోగులలో పలువురికి యోమ్ కిప్పూర్ అన్న పేరు పరిచితమే. ఆనాడు అటువైపు యూదులైనవారి నుండి ఉత్తరాలకు జవాబులు రావు. క్యాలెండరులో సెలవుగా కనిపించే ఆ పేరు వెనుక ఏమున్నదని విచారించేవారు మాత్రం తక్కువ. పరులకు మన దీపావళి కూడ ఆ మాత్రమే కాబోలు.

ఆ పేరు వెనుక ఉన్నది కఠినమైన వ్రతం. ముందునాటి సూర్యాస్తమయానికి ముందే మొదలై, మరునాటి రాత్రి నక్షత్రాలు పొడమే వరకు, దాదాపు ఇరువదియైదు గంటలు సాగుతుంది. అన్నం లేదు, నీరు లేదు. స్నానం, తైలలేపనం, దాంపత్యం, తోలు చెప్పులు నిషిద్ధం. పలువురు తెల్లని వస్త్రాలు ధరిస్తారు. ప్రార్థనలు అయిదుమార్లు జరుగుతాయి. కడపటి ప్రార్థనకు నెయీలా అని పేరు. తలుపు మూసే వేళ అని దాని భావం. ఆ వెనుక పొట్టేలి కొమ్ముతో చేసిన షోఫారును ఊదడంతో వ్రతం ముగుస్తుంది. మనవారు ఎనిమిదేండ్ల బాలునికి, ఎనుబదేండ్లు దాటిన వృద్ధునికి ఏకాదశిలో సడలింపు చూపినట్లే, వారును పిల్లలను నిర్బంధించరు. రోగికి ప్రాణాపాయం ఉన్నదంటే ఆ దినాన అన్నం తినుటే అతనికి ధర్మమని వారి నిర్ణయం.

పూర్వం యెరూషలేములో దేవాలయం ఉన్న కాలంలో ఈ దినాన రెండు మేకపోతులను తెచ్చి చీట్లు వేసేవారు. ఒకటి బలి అయ్యేది. రెండవదాని తలపై ప్రధాన యాజకుడు చేతులుంచి జనుల పాపాలను చెప్పి, దానిని అడవికి తోలించేవాడు. క్రీస్తుశకం 70లో రోమనులు ఆ ఆలయాన్ని ధ్వంసం చేసినారు. బలులు ఆగిపోయినవి. ఆ తరువాత యూదులకు మిగిలినవి ఉపవాసం, ప్రార్థన, పశ్చాత్తాపం. ఆలయం పోయినా వ్రతం పోకుండా రెండువేల సంవత్సరాలు నిలుపుకొన్నారంటే ఆ జాతి పట్టుదల సామాన్యమైనది కాదు.

ఈ దినం తెలుగునేలకు బొత్తిగా పరాయిది కూడ కాదు. గుంటూరు జిల్లా చేబ్రోలు అనగానే యాత్రికులకు అక్కడి చతుర్ముఖ బ్రహ్మ ఆలయం స్ఫురిస్తుంది. ఆ చేబ్రోలు సమీపంలోని కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం అని తమను పిలుచుకొనే తెలుగు యూద కుటుంబాలు ఉన్నవి. చెదరిపోయిన ఇశ్రాయేలు గోత్రాలలో ఎఫ్రాయిము గోత్రం తమదని వారి విశ్వాసం. యాకోబి సోదరుల నాయకత్వంలో 1991లో వారు ఒక ప్రార్థనామందిరం ఏర్పరచుకొన్నారు. అంతకుముందు వారు క్రైస్తవులు, మాదిగ కులస్థులు, ఎక్కువమంది వ్యవసాయ కూలీలు. వారి వంశకథను గూర్చి పండితులలో భిన్నాభిప్రాయాలు ఉన్నవి. ఆ చర్చతో ఇక్కడ పని లేదు. శనివారపు విశ్రాంతిని, పస్కాను, యోమ్ కిప్పూరును వారు పాటిస్తున్నారు. జీతం నష్టం లేని సెలవు పెట్టి ఉపవసించే ఉద్యోగికి, పొలానికి పోకపోతే ఆనాటి కూలి రాని మనిషికి, ఒకే ఉపవాసం ఒకే బరువు కాదు. పూట గడవని ఇంట్లో ఎన్ని దినాలు వ్రతం లేకయే ఉపవాసాలు జరిగినవో ఎవరు లెక్కించినారు? అటువంటి ఇంటివారు ఒక దినాన్ని కోరి, సంకల్పించి, భగవంతుని కొరకు ఆకలిగొన్నారంటే దానికి నమస్కరించవలసినదే.

ఇక మొదటి ప్రశ్నకు వద్దాము. క్రీస్తుశకం 200 ప్రాంతంలో కూర్చబడిన మిష్నా అనే యూద ధర్మశాస్త్ర గ్రంథంలో, యోమా అన్న భాగం చివర దీనికి నిర్ణయం ఉన్నది. మనిషికీ దేవునికీ మధ్య జరిగిన తప్పులను యోమ్ కిప్పూర్ పోగొట్టును. మనిషికీ మనిషికీ మధ్య జరిగిన తప్పులను, ఆ ఎదుటి మనిషిని సమాధానపరచువరకు, యోమ్ కిప్పూర్ పోగొట్టదు. ఇది ఆ నిర్ణయ సారాంశం. పాపం చేసి, యోమ్ కిప్పూర్ ఉన్నది గదా అనుకొనేవానికి ఆ దినం పనిచేయదని కూడ అక్కడనే ఉన్నది. పద్మపురాణం పేర్కొన్న పది నామాపరాధాలలో, హరినామం ఉన్నదన్న ధీమాతో పాపానికి దిగుట ఒకటి. దేశాలు వేరు, కాలాలు వేరు. మనిషి వేసే ఎత్తు ఒక్కటే, దానిని పసిగట్టిన పెద్దల చూపూ ఒక్కటే.

"అట్లయితే భగవంతుని కరుణకు హద్దు గీసినట్లు కాదా?" అని వైష్ణవునికి తోచవచ్చును. శరణన్నవానిని విడువని స్వామి, ఈ ఒక్క విషయంలో చేతులు ముడుచుకొనునా? దీనికి సమాధానం భాగవతం నవమ స్కంధంలో, అంబరీషోపాఖ్యానంలో ఉన్నది. ఆ కథ అందరికీ తెలిసినదే అయినా, ఈ ప్రశ్నను మనసులో ఉంచుకొని చదివినప్పుడు అది మరొక విధంగా కనిపిస్తుంది.

అంబరీషుడు సంవత్సరం పాటు ద్వాదశీవ్రతం చేసి, కడపట మూడు దినాలు ఉపవసించినాడు. పారణ వేళకు దుర్వాసుడు అతిథిగా వచ్చి, స్నానానికని యమునకు పోయి రాలేదు. ద్వాదశి దాటిపోతున్నది. అతిథి రాకుండా భుజించుట తప్పు, వేళ దాటనిచ్చుట తప్పు. పెద్దల అనుమతితో రాజు జలం మాత్రం పుచ్చుకొన్నాడు. అది తిన్నట్లూ అవును, తిననట్లూ అవును. ముని తిరిగివచ్చి, ఆగ్రహించి, జటను పెరికి కృత్యను పుట్టించినాడు. సుదర్శనం ఆ కృత్యను దహించి మునిని వెంటాడినది. బ్రహ్మ కాదన్నాడు, శివుడు కాదన్నాడు. ముని చివరకు వైకుంఠంలో శ్రీహరి పాదాలమీద పడినాడు.

పడినది ఎవరి పాదాలమీద? శరణాగతవత్సలుడని పేరు గన్నవాని పాదాలమీద. అడిగినది ఏమి? తప్పు క్షమించుమని. అయినా స్వామి క్షమించినానని అనలేదు. తాను భక్తులకు అధీనుడనని, తనకు స్వాతంత్ర్యం లేదని చెప్పి, ఎవనికి అపకారం తలపెట్టినావో అతని దగ్గరకే పొమ్మన్నాడు. చక్రం ఆయనదే. ఆపుమని ఒక్క మాట అంటే ఆగెడిదే. ఆ మాట ఆయన అనలేదు. ముని మరల భూలోకానికి దిగివచ్చి రాజు పాదాలు పట్టుకొనవలసి వచ్చినది. రాజు సిగ్గుతో కుంచించుకొనిపోయి, తానే సుదర్శనాన్ని స్తుతించి శాంతింపజేసినాడు.

మిష్నా నిర్ణయం, వైకుంఠంలో పలికిన మాట ఒకే గుమ్మానికి దారి చూపుతున్నవి. అయితే రెండింటి నడక వేరు. యూద పండితుల దృష్టిలో ఇది న్యాయానికి సంబంధించినది. ఒకనికి చెల్లవలసిన బాకీని మరొకడు రద్దు చేయరాదు; దేవుడైనను పరుని సొత్తును దానం చేయడు. భాగవతంలో ఇది ప్రేమకు సంబంధించినది. భక్తుడు తన హృదయమని చెప్పే స్వామి, ఆ హృదయానికి తగిలిన గాయాన్ని ఆ భక్తుని ప్రమేయం లేకుండా మాన్పబోడు. కరుణకు హద్దు పడలేదు. ఆ కరుణ అపరాధికి ఎంత ఉన్నదో, గాయపడినవానికీ అంత ఉన్నది. అందువలననే గాయపడినవానిని పక్కకు నెట్టి అపరాధిని ఆలింగనం చేసుకొనదు.

శ్రీవైష్ణవాచార్యులు దీనిని మిక్కిలి గట్టిగా పట్టుకొన్నారు. భగవద్రామానుజులు శరణాగతి గద్యంలో క్షమాపణ వేడుకొనేటప్పుడు భగవదపచారాన్ని, భాగవతాపచారాన్ని వేరువేరుగా పేర్కొన్నారు. పిళ్ళై లోకాచార్యులు శ్రీవచనభూషణంలో భగవదపచారం కంటె భాగవతాపచారం క్రూరమైనదని నిరూపించినారు. భక్తుని జన్మను విచారించుట కూడ ఆ అపచారంలో చేరినదే. కొత్తరెడ్డిపాలెం వంటి ఊళ్లను తలచినప్పుడు ఆ మాట గుర్తుకు రావలెను.

భాగవతులకు చేసిన తప్పుకే గదా ఈ నియమం, సామాన్యునికి చేసిన తప్పు అంత పెద్దదా అని కొందరు సందు వెదకవచ్చును. ఆ సందును తృతీయ స్కంధంలో కపిలమహర్షి మూసివేసినాడు. సర్వభూతాలలో తాను ఉండగా, ఆ భూతాలను అవమానించి విగ్రహాన్ని అర్చించేవాని పూజ బూడిదలో వేసిన హోమమని దేవహూతికి చెప్పినాడు.

సైబరాబాదు కథకు ఇది దగ్గరగా వచ్చి తాకుతుంది. అక్కడి ఉద్యోగులలో ఎందరో చిలుకూరు బాలాజీ భక్తులు. కోరిక చెప్పుకొని పదునొకండు ప్రదక్షిణలు, కోరిక తీరిన తరువాత నూటయెనిమిది. వీసా వచ్చినవాడు విమానం ఎక్కకముందే ఆ నూటయెనిమిదీ లెక్క తప్పకుండ చేసి వస్తాడు. దేవుని మ్రొక్కు బాకీ ఉండరాదన్న భయభక్తులు మెచ్చదగినవే. మరి తన పొరపాటును తనక్రింది కొత్త ఉద్యోగిపై నెట్టి, అతని జీతపు పెంపును పోగొట్టినవాడు, ఆ లెక్క ఏ ప్రదక్షిణలో వ్రాసుకొన్నాడు? వంటపనికి వచ్చే ఆమెను దొంగతనం అంటగట్టి పంపివేసి, తరువాత ఆ నగ బీరువా అడుగున దొరికితే, ఎంతమంది ఆమె ఇల్లు వెదుకుకొంటూ పోయినారు? ఏకాదశి నాడు రాత్రి రెండింటివరకు కారు నడిపిన డ్రైవరు అన్నం తిన్నాడో లేదో, ఉపవాసం ఉన్న యజమానికి తెలియవలసిన అవసరం లేదా?

యోమ్ కిప్పూర్ ఉదయాన యూదుల ప్రార్థనామందిరాలలో యెషయా ప్రవక్త గ్రంథం నుండి ఒక భాగం చదువుతారు. అది ఉపవాసాన్ని పొగడేది కాదు, ఉపవాసులను మందలించేది. ఉపవాస దినాననే మీ వ్యాపారం చూచుకొంటున్నారు, పనివారిని పీడిస్తున్నారు. కట్లు విప్పుట, ఆకలిగొన్నవానికి అన్నం పంచుట దేవుడు కోరిన ఉపవాసం అని దాని తాత్పర్యం. కడుపు మాడ్చుకొని కూర్చున్న భక్తులకు, ఆ కడుపు మాడ్చుకొనుట చాలదని ఆ దినాననే వినిపించే ధైర్యం ఆ సంప్రదాయానికి ఉన్నది. మధ్యాహ్నం యోనా కథ చదువుతారు. నీనెవె పట్టణవాసులు ఉపవసించి, గోనెలు కట్టుకొని పశ్చాత్తాపపడగా దేవుడు శిక్షను మానినాడు. దేవుడు చూచినది వారి గోనెలను, ఉపవాసాన్ని కాదు, చెడు మార్గం విడిచిన వారి నడతను అని యూద పండితులు ఆ కథలోని మాటను పట్టి చూపినారు. దొంగిలించిన దూలాన్ని కోటలో పెట్టి కట్టినవాడు, కోటనంతా విప్పి దూలం తిరిగి ఇచ్చినాడని కూడ వారు చెప్పుకొంటారు. చెరువు శిఖం భూములలో మేడలు లేచిన నగరానికి ఈ దూలం కథ కొంత ఇబ్బందికరమైనదే.

ఆ దినపు పాపనివేదనలో మరొక విశేషం ఉన్నది. అది ఏకవచనంలో లేదు. నేను చేసినానని కాక, మేము చేసినామని సభ అంతా కలిసి చెప్పుకొంటారు. అక్షరక్రమంలో పాపాల పేర్లు చెప్పుతూ ఒక్కొక్కదానికి గుండెపై పిడికిలితో తట్టుకొంటారు. తాను చేయని పాపానికి కూడ తలవంచుట ఎందుకు? జయవిజయుల కథ దీనికి సమాధానం. ద్వారపాలకులు సనకాదులను అడ్డగించినారు. స్వామి స్వయంగా నడచివచ్చి, తన సేవకులు చేసిన అపరాధం తాను చేసినదేనని మునులను క్షమాపణ వేడినాడు. పై అంతస్తులోని తప్పు మెట్లమీదుగా క్రిందికి దొర్లుకొంటూ వచ్చి, కడపట నోరులేనివాని మెడకు చుట్టుకొనుట లోకంలో చూస్తున్నదే. వైకుంఠంలో గుమ్మం దగ్గరి తప్పు సింహాసనానికి ఎక్కినది.

క్షమాపణ ఎట్లడుగవలెను? క్రీస్తుశకం 1138లో స్పెయిన్‌లోని కొర్డోబాలో పుట్టి, ఈజిప్టులో వైద్యుడుగా జీవించి 1204లో మరణించిన మైమోనిడిస్ దీనిని విపులంగా వ్రాసినాడు. సొమ్ము పుచ్చుకొని ఉంటే తిరిగి చెల్లించినంత మాత్రాన చాలదు, మనసును కూడ ఊరడించవలెను. ఎదుటివాడు క్షమించకపోతే ముగ్గురు మిత్రులను వెంటబెట్టుకొని పోయి అడుగవలెను, అట్లు మూడుమార్లు. అప్పటికీ కరగకపోతే ఇక తప్పు క్షమించనివానిదే. గురువు విషయంలో ఈ లెక్క లేదు, వేయిమార్లయినా పోవలసినదే. ఆ మనిషి మరణించి ఉంటే పదిమందిని తీసుకొని సమాధి దగ్గరకు పోయి, వారి ఎదుట తన తప్పు చెప్పుకొనవలెను. ఇంత కష్టం ఎందుకు పెట్టినారో ఊహించుట కష్టం కాదు. ఒక్క నిమిషంలో నూరుమందికి ఒకే సందేశం, తెలిసీ తెలియక చేసిన తప్పులు మన్నించుడని, చేతిలోని ఫోను నుండి పంపవచ్చును. అటువంటి సందేశం అందుకొన్నవాడు చిరునవ్వు నవ్వి చెరిపివేస్తాడు. ఏ తప్పు, ఎప్పుడు, ఎవరి ఎదుట అన్నది అందులో ఉండదు. జమ్మిఆకు చేతిలో పెట్టి కౌగిలించుకొనుట అంతకంటె మేలు, మనిషి గడప దాకా పోవలెను గనుక. కాని ఆ కౌగిలిలో కూడ నోరు విప్పి చెప్పవలసిన మాట ఒకటి మిగిలిపోవచ్చును.

అడుగవలసినవాని కష్టం ఇది. అడిగించుకొనవలసినవాని సంగతి ఏమి? ఎదుటివాడు వచ్చేదాక అతడు ఏమి చేయవలెను? కోపం పెంచుకొనవచ్చునా? మరచిపోయి తన పని తాను చూచుకొనవచ్చునా? ఈ విషయంలో అంబరీషుని వలె నడచినవారు అరుదు. దుర్వాసుడు లోకాలన్నీ తిరిగి మరల వచ్చేసరికి ఒక సంవత్సరం గడచినది. ముని దర్శనం కోరి, ఆ సంవత్సరమంతా రాజు నీరు మాత్రం పుచ్చుకొని ఎదురుచూచినాడు. తనను చంపవచ్చినవాడు అభుక్తుడై పోయినాడు గదా అన్నది ఆయన వేదన. చక్రం శాంతించిన పిదప రాజు ముని పాదాలు పట్టి, భోజనానికి ఆహ్వానించి, అన్ని రుచులతో కూడిన ఆతిథ్యం ఇచ్చినాడు. ముని తృప్తుడై, రాజును కూడ భుజించుమన్నాడు. దుర్వాసుడు సెలవు పుచ్చుకొని వెళ్లిన తరువాత, ఆయన తినగా మిగిలి పవిత్రమైన అన్నంతో అంబరీషుడు తన ఉపవాసం విరమించినాడు.